పన్నెండో బెడ్ చొక్కా

ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ జేబులక్క అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మెషిన్ల దగ్గర పనిచేసే బాబాయి. పై అంతస్తుల నుంచి మాసిన బట్టల మూటలు దిగగానే, అవి మెషిన్‌లోకి పోకముందే, రోగుల చొక్కాల జేబులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసేది మరి. పేరు విని గట్టి మనిషేమో అనుకునేరు. లిఫ్టంటే భయం, బల్లంటే భయం, వేళకాని వేళ ఫోను మోగితే భయం. రోడ్డు దాటే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. "కళ్ళు తెరిచి చేసుకోవే తల్లీ, బండ్లైనా కనపడతాయి" అని ఆవిడ భర్త నెత్తి కొట్టుకునేవాడు. ఆయనకు వీధి చివర తాళాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. చర్చిలో ఒకసారి సాక్ష్యం చెప్పమని మైకు చేతికిస్తే, "దేవుడు మంచివాడు" అని ఆ రెండు ముక్కలే చెప్పి, చెయ్యి కాలినట్టు పక్కావిడకు ఇచ్చేసి కూర్చుంది. చర్చికి వెళ్ళిన పదిహేనేళ్ళలో ఆవిడ చెప్పిన సాక్ష్యం అదొక్కటే.

ఈ జేబుల పిచ్చి ఊరికే పట్టుకోలేదు. ఒకసారి ఒక ముసలమ్మ చెవి మిషను దిండు గలీబులో ఉండిపోయి, సబ్బునీళ్ళలో గిరగిరా తిరిగి, మూగదై బయటికొచ్చింది. దాన్ని తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది జేబులక్కే. ముసలమ్మ మంచం పక్కన మనవరాలు ఏదో గలగలా చెబుతోంది. ముసలమ్మ ఆ పిల్ల పెదవుల వంక చూస్తూ, అర్థమైనట్టు నవ్వుతూ తల ఊపుతోంది. ఆ నవ్వు చూసి వచ్చాక జేబులక్కకు అన్నం సయించలేదు. అప్పటినుంచి ఒక్క జేబూ వదల్లేదు. కళ్ళజోళ్ళు, పళ్ళసెట్లు, నాలుగు మడతలు పెట్టిన ఉత్తరాలు, పిల్లలు గీసిన ఏనుగు బొమ్మలు. మధ్యాహ్నం తిండికిచ్చే అరగంటలో మెట్లెక్కి వెళ్ళి ఎవరివి వాళ్ళకు ఇచ్చి, మెతుకులు గబగబా మింగి మళ్ళీ పనిలో దూరేది. రోగిని చూడ వెళ్ళడం తనను చూడ వచ్చినట్టేనని ప్రభువు లెక్క వేసుకుంటాడని పాస్టరుగారు ఒక ఆదివారం చెబితే, ఎనిమిది గంటలు వాళ్ళ దుప్పట్లు చూస్తున్నాను కదా, అది చెల్లుతుందా చెల్లదా అని ఆవిడ నిజంగానే బెంగపెట్టుకుంది.

అయితే ఆ పనికి ఒక పద్ధతుంది. మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి, బట్టను పట్టుకారుతో ఎత్తాలి, ట్రే మీద దులపాలి. చెయ్యి పెట్టకూడదు. గ్లవ్స్ వేసుకుంటే మడిచిన కాగితానికీ బట్ట అతుక్కీ తేడా తెలియదని జేబులక్క కుడిచేతిది తీసేసేది. లాండ్రీ మేస్త్రీ రెండుసార్లు పట్టుకున్నాడు. రెండోసారి కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు. మూడోసారి దొరికితే ఇక రానక్కర్లేదని దాని సారాంశం.

ఒక మంగళవారం పొద్దున పదింటికి నాలుగో అంతస్తు మగవాళ్ళ వార్డు మూట విప్పింది. సంచికి కట్టిన చీటీ మీద పన్నెండో బెడ్ అని ఉంది. చొక్కా ఎత్తి జేబులో వేళ్ళు పెట్టింది. చూపుడు వేలి కొసన చురుక్కుమంది. బయటికి తీసి చూస్తే, సన్నటి సూది. షుగరు ఉన్నవాళ్ళు పొట్ట మీద పొడుచుకునే రకం. వేలి మీద ఆవగింజంత రక్తం లేచి నిలబడింది.

ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు సూది గుచ్చుకోవడమంటే ఏమిటో చదువు లేనివాళ్ళకూ తెలుసు. ఎవరి ఒంట్లోని జబ్బు ఆ కొసన కూర్చుని ఉందో దేవుడికే ఎరుక. ఎదురుగా గోడ మీద బోర్డు ఉంది: నీళ్ళ కింద కడగాలి, వెంటనే చెప్పాలి. కడిగింది. చెప్పలేదు. చెబితే చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్ళిందంటారు. సంతకం పెట్టిన కాగితం బీరువాలోంచి బయటికొస్తుంది. సూదిని వాడేసిన సూదుల డబ్బాలో పడేసి, రక్తం మీదే గ్లవ్ తొడుక్కుని, ఏమీ జరగనట్టు దుప్పట్లు దులపసాగింది.

"ఏంటి జేబులక్కా, ఆ వణుకు? జ్వరమా?" అని మెషిన్ బాబాయి అడిగాడు.

"చలి బాబాయ్."

మెషిన్ల వేడికి బాబాయి బనీను తడిసి ముద్దయి ఉంది. ఆయన ఆవిడ వంక ఒకలా చూశాడు.

ముప్పావుగంట గడిచింది. పని చేస్తూనే లోపల్లోపల ప్రార్థన మొదలుపెట్టింది. ప్రభువా, ఏమీ కాకుండా చూడు. ప్రభువా, ఎవరికీ తెలియకుండా చూడు. ఆ రెండో మాట దగ్గర ఆవిడకే నాలుక ఆగిపోయింది. దాపరికంలో దేవుణ్ణి వాటాదారుగా రమ్మని పిలుస్తున్నట్టు అనిపించి సిగ్గుతో చచ్చిపోయింది. గ్లవ్ తీసేసి మేస్త్రీ ముందుకు వెళ్ళి వేలు చూపించింది.

"జేబులో చెయ్యి పెట్టాను సార్. గ్లవ్ లేదు. ముప్పావుగంటైంది."

మేస్త్రీ ముఖం పాలిపోయింది. "నీకేమన్నా మతి ఉందా? ఉద్యోగం సంగతి తరవాత. నడువ్ ముందు!" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. మూడో అంతస్తులో తలుపు తెరుచుకున్నాక గానీ తాను లిఫ్టులో వచ్చానని జేబులక్కకు తెలియలేదు.

అక్కడ పనివాళ్ళ దెబ్బలూ గాయాలూ చూసే పెద్ద సిస్టర్ ఉంటుంది. మాట కరుకు, చెయ్యి మెత్తన. వేలు మళ్ళీ కడిగి పట్టీ చుట్టి, పరీక్షకు రక్తం తీసి, ఒక మాత్ర మింగించింది. తరవాత ఎదురుగా కూర్చుని విడమరిచి చెప్పింది.

"హెచ్‌ఐవీ రాకుండా ఉండే మాత్ర ఇది. అదృష్టం, వేళలోనే వచ్చావు. ఇప్పుడు ఆ పేషెంటు రక్తం పరీక్ష చేస్తాం. ఆయనకు లేదని తేలితే ఈ మందు ఇవాళే ఆపేస్తాం, నువ్వు హాయిగా ఇంటికి పోవచ్చు."

"ఉందని తేలితే, సిస్టరమ్మా?"

"ఇరవై ఎనిమిది రోజులు మందు. మూడు నెలల దాకా పరీక్షలు. భయపడకు."

భయపడకు అనడం ఎంత తేలిక! అరగంట తరవాత పెద్ద సిస్టర్ పైనుంచి దిగి వచ్చింది. ముఖం చూడగానే జేబులక్క గోడకు ఆనుకుంది.

"ససేమిరా అంటున్నాడు. పరీక్ష చేయించుకోడట. బలవంతం చెయ్యడానికి మనకు హక్కు లేదు. మందు మొత్తం వాడెయ్, సరేనా?"

మధ్యాహ్నం జేబులక్క నాలుగో అంతస్తుకు మెట్లెక్కింది. కాళ్ళు పట్టుకుని బతిమాలాలనుకుంది. వినకపోతే నాలుగు మాటలు అడిగెయ్యాలనుకుంది. జీవితంలో ఎవర్నీ నిలదీయని ఆవిడ, ఎక్కుతున్న ప్రతి మెట్టు మీదా ఒక్కో మాట పేర్చుకుంది. మీ చొక్కా మూలంగానే కదండీ. నాకూ కుటుంబం ఉందండీ. మీరు ఒక్క చుక్క ఇస్తే నా ప్రాణం కుదుటపడుతుందండీ.

పన్నెండో బెడ్ మీద అరవై ఏళ్ళ పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు లేచి కూర్చున్నాడు. ఆవిడ వేలికి చుట్టిన పట్టీ చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"మీకేనా అమ్మా గుచ్చుకుంది?"

"అవునండీ."

"సూదులు వేసే డబ్బా దూరంగా ఉంది. కింద పడేస్తే ఊడ్చే అమ్మాయి కాలికి గుచ్చుకుంటుందని జేబులో వేశాను. చొక్కా మార్చినప్పుడు మర్చిపోయాను." ఆయన రెండు చేతులూ జోడించాడు. "ఇరవై రెండేళ్ళు లారీ నడిపానమ్మా. చెయ్యకూడని పనులు చేశాను. నా భార్య చిక్కి చిక్కి చచ్చిపోయింది. ఏం జబ్బని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్నుంచి రక్తం పరీక్ష అంటే చాలు, పారిపోతాను. ఉందని తెలిస్తే మా అమ్మాయి ముఖం ఎలా చూడను? మీ అమ్మ అలా పోయింది నా వల్లేనని ఎలా చెప్పను?"

జేబులక్క పేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. భయం ఎలా ఉంటుందో ఆవిడకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఎదుటి మనిషి కళ్ళలో అది తన భయంకంటే పదింతలుంది, ఏళ్ళ తరబడి నిల్వ ఉంది. ఆయన్ని చూస్తే అసహ్యం కూడా కలిగింది, ఆ చనిపోయినావిడ గుర్తొచ్చి. వెనక్కి పోదామనుకుంది. పోలేదు. మంచం అంచున, కాస్త దూరంగా కూర్చుంది.

"వద్దులెండి అన్నయ్యగారూ," అంది చివరికి. "మీరు చేయించుకోవద్దు, నా కోసమైతే వద్దు. నేను మందు వేసుకుంటాను."

"మీకు భయంగా లేదా?"

"చచ్చేంత ఉందండీ."

ఆయన కోసం ప్రార్థన చెయ్యనా అని అడిగింది. తల ఊపాడు. చేసింది గానీ ఏం మాట్లాడిందో ఆవిడకే గుర్తులేదు.

కిందికి వచ్చి చెబితే పెద్ద సిస్టర్ మండిపడింది. "అడగడానికి వెళ్ళి వద్దని చెప్పొచ్చావా? నీ అంత వెర్రిబాగుల్దాన్ని చూడలేదు!" జేబులక్క కాదనలేదు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని తానూ అదే అనుకుంది.

మేస్త్రీ ఆవిడ ఉద్యోగం తీయించలేదు. తానుగా వచ్చి చెప్పిందని రాసి, ఉతికిన బట్టలు మడతపెట్టే బల్ల దగ్గరికి మార్చాడు. అక్కడ జేబులన్నీ ఖాళీ.

ఆ ఇరవై ఎనిమిది రోజులూ నరకమే. మాత్ర పడగానే కడుపులో తిప్పేది. ఇంట్లో తన కంచం వేరు చేసింది, తువ్వాలు వేరు చేసింది, పక్క వేరు చేసింది. తిండి వల్ల రాదని సిస్టరు ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు. భర్తకు విషయం చెప్పింది. ఆయన లేచి, ఆవిడ వేరు చేసుకున్న కంచం తెచ్చి తన కంచంతో కలిపి పెట్టాడు.

"ఆ మనిషి ఎవరో చెప్పు, నేనెళ్ళి అడుగుతా," అన్నాడు.

"చెప్పనండీ."

"నీకంటే వాడు ఎక్కువా?"

"ఎక్కువని కాదు. ఆయన నాకంటే భయస్తుడు."

"అలాంటివాడు ఒకడు పుట్టాడంటే నమ్మనే," అన్నాడాయన. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఆయనకు ఏడుపూ వచ్చింది. అంతలోనే ఆవిడకు మళ్ళీ భయం పట్టుకుంది. వేలు ఎర్రగా ఉందా, గొంతు నొప్పిగా ఉందా, ఈ దగ్గు మామూలు దగ్గేనా అని రోజుకు పదిసార్లు అద్దం చూసుకునేది. ఆ పెద్దాయన ఎందుకు ఇవ్వకూడదు ఒక్క చుక్క అని కోపం వచ్చేది. కోపం వచ్చినరోజు ఆయన కోసం చేసే ప్రార్థన గొంతులో ముల్లులా అడ్డం పడేది. అయినా చేసేది.

మూడు నెలలకు ఆఖరి పరీక్ష. పొద్దున రక్తమిచ్చి, మధ్యాహ్నం కాగితం కోసం వెళ్ళింది. భర్త కొట్టు మూసేసి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల గదిలో ఉన్న అమ్మాయి కవరు విప్పి, "ఏమీ లేదండీ. ఇక పరీక్షలు అక్కర్లేదు" అంది. జేబులక్క మళ్ళీ చెప్పించుకుంది. మూడోసారి కూడా చెప్పించుకుంది. బయటికి వచ్చేసరికి ఒళ్ళంతా దూదిపింజలా ఉంది. గేటు వైపు పరుగుపెట్టబోయింది.

వరండా బెంచీ మీద పన్నెండో బెడ్ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో టోకెన్ నలిగిపోయి ఉంది.

"మీకు ఎలా ఉందమ్మా?" అన్నాడు లేవలేక.

"ఏమీ లేదట అన్నయ్యగారూ."

ఆయన ముఖం కప్పుకుని ఏడ్చాడు. కాసేపటికి, "మీరు వద్దన్నాక ఈ మూడు నెలలూ నిద్ర పట్టలేదు. నిన్న వచ్చి రక్తమిచ్చాను. ఇందాకట్నుంచి రెండుసార్లు పిలిచారు. కాళ్ళు రావడం లేదు," అన్నాడు.

మూడోసారి పిలిచారు. జేబులక్కకు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళడం కంటే చావు నయమనిపించింది. గేటు దగ్గర భర్త కనిపిస్తున్నాడు. ఆగమన్నట్టు చెయ్యి ఊపి, పెద్దాయన మోచెయ్యి పట్టుకుని లేపింది.

ఆయనకు జబ్బు ఉంది. మందులున్నాయనీ, సరిగ్గా వాడితే చాలా ఏళ్ళు బతకవచ్చనీ గదిలో అమ్మాయి నిదానంగా చెప్పింది. ఆయన ఏడవలేదు. అన్నీ విన్నాక ఒకటే అన్నాడు. "మా అమ్మాయికి చెప్పాలి. నా నోటితో నేను చెప్పలేను."

ఎవరూ జేబులక్కను తోడు రమ్మని అడగలేదు. అడగకపోయినా ఆవిడ తలుపు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

"మాట మీరే చెప్పాలి అన్నయ్యగారూ," అంది. "పక్కన నేనుంటాను."

గేటు దగ్గరున్న భర్తతో కలిసి ముగ్గురూ బస్సెక్కారు. ఈయనే ఆ మనిషని భర్తకు అర్థమైంది, కిటికీ పక్క సీటు పెద్దాయనకిచ్చాడు. కూతురి ఇల్లు మూడో వీధిలో, మేడ మీద. పెద్దాయన కింద మెట్టు దగ్గరే ఆగిపోతే, భర్తను ఆయన పక్కన ఉంచి జేబులక్క ముందుగా ఎక్కింది. ఆ అమ్మాయి తిడుతుందేమో, తలుపు ముఖాన వేస్తుందేమో, తండ్రిని గెంటేస్తుందేమో. ప్రభువా, నాకు చాలా భయంగా ఉంది అనుకుంటూ బెల్లు నొక్కింది. లోపల చెప్పుల చప్పుడు దగ్గరైంది. పారిపోవాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. చేతికి పిండి అంటిన అమ్మాయి ఆవిడ వంకా, వెనక మెట్ల మీద ఉన్న తండ్రి వంకా కంగారుగా చూసింది.

"ఎవరండీ మీరు? మా నాన్నకేమైంది?"

"నీతో మాట్లాడాలని వచ్చారమ్మా," అంది జేబులక్క. "నేను తోడు వచ్చాను. లోపలికి రావచ్చా?"