ఈసీజీ జీవమ్మ

ఆళ్లగడ్డలో జీవమ్మ అంటే ఏ జీవమ్మ అని అడుగుతారు గానీ, ఈసీజీ జీవమ్మ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆమెకు అదే పని. ఛాతీ పట్టుకొని వచ్చి "ఏం లేదక్కా, గ్యాసు" అనేవాళ్లంటే ఒళ్లుమంట. "గ్యాసో గుండెనో మిషన్ జెప్తాది. నువ్వు నోర్మూసుకోని పండుకో" అనేది. ఎంత పెద్దమనిషైనా ఆ నోటికి జడిసి చొక్కా విప్పాల్సిందే. మిషన్ నుంచి వచ్చే తొలి ఈసీజీ పట్టీ బాగున్నా ఇంటికి వదిలేది కాదు. గుండె రక్తనాళం మూసుకుపోతున్నా మొదట్లో ఒక్కోసారి పట్టీలో తెలియదనీ, కాసేపాగి మళ్లీ తీయాలనీ ఆమెకు కంఠతా వచ్చు. అలా మంచం దిగనివ్వక ఎందర్ని కాపాడిందో.

అలాంటి మనిషి సొంత మొగుడి దగ్గర తప్పింది. చెప్పడానికే నోరు రావడం లేదు.

మొగుడు యోబు ట్రాక్టరు డ్రైవరు. మంచి శుక్రవారం నాడు చర్చిలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఆ మాటలు ఎప్పుడూ టీచర్లకో ఆఫీసర్లకో దక్కేవి. నిరుడు మొదటిసారి ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను', యోబుకిచ్చారు. జీవమ్మ నెల రోజులు కూర్చోబెట్టి వల్లె వేయించింది. సంబరం అతనికన్నా ఆమెకే ఎక్కువ.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, ఛాతీ మీద బరువు పెట్టినట్టుందనీ ఎడమ చెయ్యి లాగుతోందనీ యోబు ఆసుపత్రికి వచ్చాడు. పట్టీ బాగానే వచ్చింది. "గంటసేపు కదలనీయొద్దు, మల్లా తీద్దాం, రక్తపరీక్ష కూడా జేద్దాం" అని డాక్టరమ్మ మంజుల పక్క గదిలోకి వెళ్లింది. రెండు గంటలకే ఐదో మాట. పొద్దుటి నుంచి ఉపవాసం, ఖాళీ కడుపు, అందుకే అయ్యుంటుందనుకుంది జీవమ్మ. అంటే గ్యాసే అనుకుంది. ఇద్దరూ చర్చికి ఆటో ఎక్కారు.

యోబు బ్రహ్మాండంగా మాట్లాడాడు. ముఖమంతా తడి. కన్నీళ్లనుకొని ముందు వరస ఆడవాళ్లు కొంగులు తీశారు. జీవమ్మా ఏడ్చింది. మాట ముగించి కూర్చోబోతూ అతను పక్కకు ఒరిగిపోయాడు.

అంబులెన్సులో వైర్లు ఆమే పెట్టింది. ఈసారి పట్టీలో గీతలు పైకి లేచి ఉన్నాయి, గుండెపోటే. ఇదే పట్టీ ఆసుపత్రిలో చేతికొచ్చి ఉంటే, నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే వేసి నంద్యాల పంపేవాళ్లు. నంద్యాల దారిలో శిరివెళ్ల దాటగానే గుండె ఆగింది. నంద్యాల దాకా ఛాతీ నొక్కుతూనే ఉంది పిచ్చిది. యోబు తిరిగి రాలేదు.

ఊరు మాత్రం వేరే కథ అల్లుకుంది. పెండ్లాం వద్దన్నా వినకుండా వైర్లు పీకి దేవుని పనికి పోయాడనీ, ఎంత మంచి చావోననీ. జీవమ్మ అవుననలేదు, కాదనలేదు. అన్నం మాత్రం సయించేది కాదు.

యోబు పోయిన ఏడాదికి పెట్టిన ప్రార్థన అయి అందరూ వెళ్లాక, కూతురు ప్రవళిక గిన్నెలో అన్నం కలిపి పక్కన కూర్చుంది.

"నువ్వు జెప్పినా నాయన ఇన్లేదు గదమ్మా. నీ తప్పేముండాది? ఒక్క ముద్ద తిను."

జీవమ్మ ముద్ద నుంచి మొహం తిప్పుకుంది. గోడకేసి చూస్తూ అంది.

"మీ నాయన పోనన్యాడే. 'కాళ్లల్లో సత్తువ లేదు, పాస్టరుకు ఫోన్ జెయ్' అన్యాడు. అందరూ ఆయప్పను చూడాలని నాకే ఆశ. నేనే వైర్లు తీసి, చొక్కా తొడిగి, పిల్సకపోతి."

ప్రవళిక చేతిలోని ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టేసింది.