మాలకొండలో వదిలిన బెల్లం

ముందుగా వినబడేది ఆమె నాలుక చప్పుడే. అంగిలికి తాకి ‘టక్... టక్... ట్రోయ్’ అంటుంది. ఉదయగిరి కొండ ఆ చప్పుడును అందుకుని, కాస్త మెత్తబరిచి, తిరిగి పంపుతుంది. తర్వాత దుమ్ము లేస్తుంది. దుమ్ములోంచి గొర్రెలు, వాటి వెనక కాళ్లకు బూట్లతో మాలకొండమ్మ. షుగరున్న కాలికి ముల్లు దిగినా తెలియదని నర్సు చెప్పినప్పటి నుంచి ఆమె ఆ బూట్లు విడవలేదు.

పోయిన వేసవిలో ఒక శనివారం ఆమె గుట్ట కింద పడిపోయింది. శనివారం నరసింహస్వామికి ఒక్కపొద్దు. పొద్దు వాలేదాకా మెతుకు ముట్టదు. షుగరు మాత్ర మాత్రం తెల్లారే వేసుకుంది. ఎండ నల్లబడింది, చేతులు వణికాయి. పక్క మందను కాసే కామయ్య చూసి, టీ కోసం తెచ్చుకున్న చక్కెర నోట్లో వేయబట్టి లేచి కూర్చుంది.

“కూడు మానేసి మాత్ర ఎందుకేసుకున్నావు?” నర్సు కోప్పడింది.

“మాత్ర మానితే నీకు కోపం. ఒక్కపొద్దు మానితే సామికి కోపం. ఇద్దరి మాటా ఇన్నాను గదమ్మా!”

“ఈ మాత్ర వేసుకుంటే తిని తీరాల. రెండూ కుదరవు.”

ఇంట్లో కొడుకు కోటేశ్వర్ ఇంకో మాట ఎత్తాడు. “గొర్రెల్ని అమ్మేద్దాం మా. నడక కావాలంటే ఇంటి చుట్టూ తిరుగు.”

“ఏందిరా, ఇల్లేమన్నా గానుగా?”

“నవ్వులాట కాదు. మళ్లీ పడినా, ఈసారి ఆత్మకూరు ఆసుపత్రి పరీక్షలో షుగరు దిగకపోయినా, మంద సంతకు పోతాది.”

మంద లేని పొద్దును ఆమె ఊహించుకోబోయింది. ఊహ రాలేదు.

తర్వాతి శనివారమే నరసింహస్వామి ఉన్న మాలకొండ ఎక్కింది. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారని ఆమెకు తెలుసు. స్వామి ముందు నిలబడి గట్టిగానే చెప్పింది. “సామీ, పస్తుంటే పడిపోతా ఉండాను. ఒక్కపొద్దు నువ్వు తీసేసుకో. బదులుకు నా బెల్లం వదిలేస్తా ఉండా.”

వరసలో వెనకున్న ముసలమ్మ మూతి తిప్పింది. “సామితోనే బేరమా, అమా?”

“అవును అవ్వా, బేరమే. కసాయోళ్లతో ఆడేదాన్ని, సామితో ఆడలేనా?”

బెల్లం పోయాక శనగుండలు పోయాయి, టీలో తీపి పోయింది. నాలుక కొన్నాళ్లు అలిగింది. సంగటి ముద్ద సగమైంది, పక్కన ఆకుకూర పెరిగింది. ఏ పూటా పస్తు లేదు. కొంగు ముడిలో చక్కెర ఉంటుంది, చేతులు వణికితే వేసుకోవడానికే. తెల్లారి వేలికి సూది గుచ్చుకుని, చిన్న మిషన్‌లో అంకె వెలిగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది. “గొర్రెకైతే కన్రెప్ప తిప్పి చూస్తే జబ్బు తెలస్తాది. నా రెప్పలో చక్కెర కనపడదే!” అంటుంది.

ఆత్మకూరు పరీక్షలో షుగరు దిగింది. డాక్టరు ఇంకా దిగాలన్నాడు. కోటేశ్వర్ చీటీని రెండుసార్లు చదివి, సంత మాట ఎత్తకుండా మందకు తడిక తీశాడు.

ఆమె అప్పటికే బూట్ల తాడు బిగిస్తోంది.

“కొండెక్కిన గొర్రెల్నే దించినాను, ఈ షుగరెంత? దించతాను. మంద అమ్మేది లేదు. అట్నే రాసుకో.”