నా నంబరుకు ఉన్న పేరు

నేను చేసిన ఒక ఫోన్ వల్ల పుంగనూరులో ఒక ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా డాక్టరుగారికీ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. రోజూ ఏదో ఒకటి రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద ‘వాన పడింది’ అని మాత్రమే ఉంది.

మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో, సుఖవ్యాధుల విభాగంలో నేను కౌన్సెలర్‌ని. మా గది వెనకవైపు, ఎక్స్‌రే గది దాటాక ఉంటుంది. తలుపు మీద నంబరు తప్ప ఏమీ రాసి ఉండదు. వచ్చినవాళ్ళకు మందు డాక్టరుగారు ఇస్తారు. వాళ్ళు ఎవరితో కలిసి ఉన్నారో వాళ్ళకూ కబురు అందేలా చూడటం, పరీక్షకు రప్పించడం నా పని. ముందు రోగినే చెప్పమంటాం. అవతలివాళ్ళకు ఇవ్వమని చేతికి ఒక చీటీ ఇస్తాం. దాని మీద జబ్బు పేరు ఉండదు, ఒక అంకె, మా గది నంబరు ఉంటాయి. మేము చెప్పలేమన్నవాళ్ళ తరఫున, వాళ్ళు ఒప్పుకుంటేనే, నేను ఫోన్ చేస్తాను. మీ పేరు ఎవరిచ్చారన్నది మాత్రం బయటపెట్టను.

నలుగురిలో నోరు విప్పలేని దానివి ఈ పనికి ఎట్లా పోయావే అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. కొత్తలో ఫోన్‌లో చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకుని చదివేదాన్ని. కానీ ఆ గదిలోకి వచ్చేవాళ్ళు నాకంటే ఎక్కువ సిగ్గుపడుతూ వస్తారు. వాళ్ళను చూస్తే నాకు కొంచెం ధైర్యం వచ్చేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఈ జబ్బుకు ఎవరూ సొంత ఊరి ఆసుపత్రికి పోరు. పుంగనూరు వాళ్ళు మదనపల్లెకు వస్తారు, మదనపల్లె వాళ్ళు పుంగనూరుకు పోతారు. రెండు బస్సులూ దారిలో ఎదురవుతూనే ఉంటాయి. ఒక పెద్దాయన అయితే వచ్చిన ప్రతిసారీ, “టమోటా మార్కెట్‌కి వచ్చినామ్మా, అట్లే మిమ్మల్ని సూసి పోదామని” అనేవాడు. ఆయన చేతిలో ఒక్క టమోటా కూడా నేను చూడలేదు.

ఒక వ్యాన్ డ్రైవరూ అలాగే దూరం నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. కుప్పంలో గది తీసుకుని పాల వ్యాను నడుపుతాడు. భార్య, తల్లి, చదువుకునే చెల్లెలు పుంగనూరులో ఉంటారు. పరీక్షలో సిఫిలిస్ అని తేలింది. సూది వేయించుకున్నాడు, చీటీ జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, తన భార్యకు అయిదో నెల అని చెప్పాడు.

అతన్ని మళ్ళీ కూర్చోబెట్టాను. మూడో నెలలో ఆమెకు చేసిన రక్తపరీక్షలో ఏమీ లేదట. కానీ అతనికి పుండు లేచింది ఆ తర్వాత. ఆమెకు అంటి ఉంటే కడుపులో బిడ్డకూ పోతుందని, ఆలస్యమైతే బిడ్డ దక్కకపోవచ్చని, సమయానికి సూదులు పడితే ఇద్దరికీ భయం ఉండదని చెప్పాను. అతను గోడ మీద క్యాలెండరు వైపే చూస్తూ విన్నాడు.

“మీరు చెప్తారా ఆమెకు?”

“సెప్తా మేడం. ఈ ఆదివారం పోతాండా గదా.”

వారం తర్వాత ఫోన్ చేసి అడిగాను. “పోయినా మేడం. అన్నం పెట్టింది. తిన్నా. వచ్చేసినా” అన్నాడు. ఇంకో వారం కూడా అంతే. ఆఖరికి ఆమె నంబరు ఇచ్చి నన్నే చెప్పమన్నాడు. “నా పేరు మాత్రం రానీవద్దండి” అన్నాడు. ఒక్క మగవాడినే ఎరిగిన ఆమె దగ్గర ఆ పేరు ఎలా దాగుతుందో నాకు అర్థం కాలేదు. అయినా సరేనన్నాను.

ఆ రోజు మా గదిలో ఫోన్ పనిచేయలేదు. ఇప్పటికే రెండు వారాలు పోయాయని నా సెల్ నుంచే చేశాను. ఎత్తింది అతని చెల్లెలు. నేను పలకకముందే లోపలికి అరిచింది.

“ఒదినా, నీకే ఫోను! సుఖవ్యాధుల మేడం మదనపల్లె అని పడతాండాది!”

దూరంగా ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. “ఏ మేడం?”

“సుఖవ్యాధులంటమ్మా.”

“దాంతో దీనికేం పని? ఏమే, యాడికి పోయొచ్చినావే నువ్వు?”

ఫోన్ కట్ అయింది.

ఫోన్ చేసేది ఎవరో పేరుతో సహా చూపించే యాప్ ఒకటి చాలామంది సెల్‌లో ఉంటుంది. పదిమంది మన నంబరును ఏ పేరుతో దాచుకుంటే అది ఆ పేరే చూపిస్తుంది. అవసరమైతే చేయమని నా సెల్ నంబరు ఇచ్చినవాళ్ళు ఎక్కువమంది నన్ను ‘ఇన్సూరెన్స్ మేడం’ అనో ‘కరెంటాఫీసు’ అనో దాచుకున్నారు, ఆ సంగతి నవ్వుతూ నాకే చెప్పారు కూడా. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నవాళ్ళు ఎవరో కొందరున్నారు. గుట్టు కాపాడటమే పనిగా పెట్టుకున్నదాన్ని, నా నంబరు ఏ పేరుతో తిరుగుతోందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆ సాయంత్రమే ఆ పేరు తీయించేశాను. కానీ ఆ ఇంట్లో పడాల్సింది అప్పటికే పడింది.

రెండో రోజు అతను ఫోన్ చేశాడు. “ఏం మేడం ఇట్ల సేసినారు? దానికే ఏదో రోగం ఉండాదని మా యమ్మ పుట్టింటికి పొమ్మంటాంది.” నేనొచ్చి మాట్లాడవచ్చా అని అడిగాను. ఇంటి దగ్గర వద్దన్నాడు. కుప్పం రమ్మన్నాడు.

ఆదివారం అమ్మతో స్నేహితురాలి ఇంటికని చెప్పి బస్సెక్కాను. సంచిలో నవల ఉంది కానీ మూడు గంటల ప్రయాణంలో ఒక్క పేజీ తిప్పలేదు. రైల్వే స్టేషన్ దగ్గర టీ బంకు పక్కన అతను నిలబడి ఉన్నాడు. బంకు ఆయనకు బాగా తెలిసినట్టుంది.

“ఏమప్పా, ఎవురు ఆయమ్మ?”

“ఇన్సూరెన్సు మేడమన్నా.”

“అయితే వ్యానుకి కట్టుకో. నీకు కట్టేంత ఇలువ యాడుండాది!”

అతను నవ్వలేదు. టీ గ్లాసులు తీసుకుని బెంచీ మీదికి వచ్చాము.

“మేడం, రాంగ్ నంబరని మీరే మా యమ్మకి ఒక మాట సెప్పండి. అంతా సల్లబడిపోతాది” అన్నాడు.

ఆ ఒక్క అబద్ధంతో నా తప్పు కూడా మాసిపోయేది. అది తెలిసి కాసేపు టీ తాగుతున్నట్టు నటించాను.

“అప్పుడు ఆమెను ఆసుపత్రికి ఎవరు పంపిస్తారు?” అన్నాను చివరికి. “రాంగ్ నంబరైతే ఆమె సూది ఎందుకు వేయించుకోవాలి? రోజులు పోతున్నాయి. లోపల బిడ్డ ఉంది.”

“మా యమ్మకి సెప్పేదానికి నాకు నోరు రాదు మేడం.”

“మీ అమ్మగారికి నేను చెప్పకూడదు. ఆ మాట మీదే.”

అంతకు మించి బలవంతం చేసే హక్కు నాకు లేదు. ఒక రైలు వచ్చింది, జనం దిగి పోయారు. గ్లాసు కింద పెట్టి అతను సెల్ తీశాడు.

“అమ్మా. ఆ ఆసుపత్రి ఫోను నావల్ల వచ్చింది. రోగం నాకు. అవునమ్మా, నాకే. దాన్ని ఏమీ అనద్దు.” అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. అతను చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, తర్వాత చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం భార్యను తీసుకుని మదనపల్లె వచ్చాడు. నాకంటే చిన్నది. పరీక్షలో ఆమెకూ ఉందని తేలింది. డాక్టరుగారు వారానికొకటి చొప్పున మూడు సూదులు రాశారు, ఒక్కటి తప్పినా లాభం లేదన్నారు. భర్తను బయటికి పంపి, చెప్పాల్సినవి చెప్పాక, ఇంట్లో ఎలా ఉందని అడిగాను.

“రెండు దినాలు పొయ్యి ఎలగలేదు మేడం. నేను ముట్టుకుంటే అంటుకుంటాదని మా యత్త నన్ను వంటింట్లోకి రానీలేదు. ఆమె కోపంతో వండలేదు. బిస్కెట్లు తినింటిమి.” చెప్పేసి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ముట్టుకుంటే అంటదని చెప్పాను. ఆ ఫోన్ చేసింది నేనేనని, తప్పు నాదని కూడా చెప్పాలనుకున్నాను. ఆమె వచ్చే వారం ఎన్ని గంటలకు రావాలని అడిగింది. పదికి అన్నాను.

రెండో వారమూ భర్తతోనే వచ్చింది. మూడో వారం అతనికి సెలవు దొరకలేదు. పది దాటింది, పదకొండున్నర అయింది. నేను వరండాలోకి రెండుసార్లు పోయి చూశాను. పన్నెండుకు ముందు ఆమె వచ్చింది, వెనక ఒక పెద్దావిడ. ఫోన్‌లో విన్న గొంతు అదేనని, ఆమె నర్సును దారి అడిగినప్పుడు గుర్తుపట్టాను.

కోడలు సూదికి లోపలికి పోయింది. అత్త నా బల్ల ముందుకు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

“బిడ్డకేం గాదు గదా?”

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. “సూదులు వదలకుండా వేయించుకుంటే మామూలుగా భయం ఉండదమ్మా” అని, ఎవరికైనా చెప్పే మాటే చెప్పాను. ఆమె తలూపింది. సూది గది తెర వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“దాన్ని అనరాని మాటలన్నా. మూడు వారాల్నించి ఎదురుగానే ఉండాది, నాకు నోరు రాలా. సెప్పలేనోళ్ళ తరఫున సెప్పేది నీ పనంట గదా. ఈ ముసిల్ది తప్పు మాట్లాడిందని నువ్వే సెప్పమ్మా దానికి. నేను బయట కూసోనుంటా.”