ఆవకాయ జాడీతో ఇచ్చిన ఇంటర్వ్యూ

మొన్న నేను ఇంటర్వ్యూకు ఆవకాయ జాడీ చంకల పెట్టుకొని పోయిన. ముందే నవ్వకుండ్రి! మొత్తం విన్నంక నవ్వుండ్రి.

నేను నడిపేది డెబ్బై సీట్ల విమానం. రెక్కలకు పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటయ్ చూడు, గది. పదకొండేండ్ల సర్వీసు. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి ఆరుసార్లు లేపుడు, దించుడు. డ్యూటీ బెంగళూరు నుంచి, ఇల్లేమో ఖమ్మంల, ఖానాపురం హవేలిల. మా బిడ్డ ఆయిషాకు నాలుగేండ్లు. "మీ అబ్బా ఏడున్నడే?" అని ఎవరన్నా నా గురించి అడిగితే ఫోన్ చూపిస్తది. అది చూసినప్పుడల్లా నాకు పానం కలుక్కుమంటది.

గసొంటి టైంల హైదరాబాద్ల ఒక కంపెనీ నుంచి కాల్ వచ్చింది. వాళ్ళ చైర్మన్‌కు సొంత జెట్ ఉంది, ఎనిమిది సీట్లది. దానికి పైలట్ కావాలంట. హైదరాబాద్లనే ఉండొచ్చు, ఇంటికి కార్ల నాలుగు గంటలు. నేను సగం మనసుతోటి "చూద్దాం సార్" అన్న. రెండు రోజులకే వాళ్ళ చీఫ్ పైలట్ మళ్ళా ఫోన్ చేసిండు.

"సలీం, మీది ఖమ్మమే కదా? చైర్మన్ రావు గారు ఆదివారం భద్రాచలం దర్శనానికి వస్తున్నారు. పొద్దున పదింటికి అక్కడ సార్ దిగే హోటల్ దగ్గర కలవండి. తెల్ల లాల్చీ, తెల్ల పెద్ద కారు. కార్పొరేట్ ఫ్లయింగ్ అంటే కాక్‌పిట్ ఒక్కటే కాదు, గుర్తుపెట్టుకోండి. బ్యాగ్ మనమే అందుకోవాలి, డోర్ మనమే తీయాలి. సార్ ముందు ఫోన్ అస్సలు తీయొద్దు."

శనివారమంతా ఇంట్ల ప్రాక్టీస్. మా నస్రీన్ చైర్మన్ లెక్క స్కూటీ మీద వస్తది, నేను ఉరికిపోయి హ్యాండ్‌బ్యాగ్ అందుకుంట. ఆయిషా ఒకటే చప్పట్లు. నస్రీన్ బ్యాగ్ నా చేతికిచ్చి, "పదేండ్లైంది పెండ్లయి. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న గిట్ల అందుకున్నవా?" అన్నది.

ఆదివారం ఆరింటికే కారు తీసిన. ఇల్లందు దాటినంక అడవిల తొవ్వ పొడుగూతా "గుడ్ మార్నింగ్ సార్, వెల్‌కమ్ సార్" అని ఒక్కన్నే మాట్లాడుకుంట పోయిన. తొమ్మిదిన్నరకే హోటల్ ముంగట నిలబడ్డ. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు, ఫోన్ సైలెంట్ల పెట్టి లోపలి జేబుల.

సరిగ్గా పదింటికి తెల్ల పెద్ద కారొచ్చింది. అండ్లకెళ్ళి తెల్ల లాల్చీ దిగిండు. డెబ్బై ఏండ్లుంటయ్, నిటారుగా ఉన్నడు.

ఫోటో చూసుకోలేదా అంటరా? చూసిన! నెట్‌ల దొరికింది ఒకటే. అండ్ల ఆయన పక్కకు తిరిగి రిబ్బన్ కట్ చేస్తుండు. సగం మొహమే కనపడ్డది. ఆ సగం ఈయనకు మంచిగనే కలిసింది.

"రావు గారేనా సార్?"

"అవ్, వెంకట్రావు."

"నేను సలీం సార్. మీ వాళ్ళు చెప్పిన్రు గదా?"

"ఆఁ, చెప్పిండు, చెప్పిండు! వచ్చినవా? మంచిగైంది. గా సామాను జర పట్టుకో."

డిక్కీల రెండు సంచులు, ఒక జాడీ. జాడీ మూతికి తెల్లబట్ట కట్టుంది, ఆవకాయ వాసన గుప్పుమన్నది. వెనకాలకెళ్ళి ఒక పెద్దమ్మ దిగి, "పైలం నాయనా, పక్కకు వంపకు, నూనె కారుతది" అన్నది. జెట్ ఉన్నోళ్ళు పచ్చడి సొంతంగా మోసుకొచ్చుకున్నరు. ఎంత సింపుల్ మనుషులు! నాకు గౌరవం ఇంకా పెరిగింది. సంచులు భుజాలకేసి, జాడీ చంకల పెట్టుకున్న.

హోటల్ల చాయ్ చెప్పిన. ఆయన సాసర్ల పోసుకొని జుర్రుకుంట తాగుతుండు. "ఆహా, ఎంత సింపుల్!" అనుకున్న మళ్ళా. ఇగ ఇంటర్వ్యూ మొదలైంది.

"ఎన్నేండ్ల నుంచి నడుపుతున్నవ్?"

"పదకొండేండ్లు సార్."

"తాగుడు గిట్ల ఉన్నదా?"

"లేదు సార్."

"ఎక్కడన్న గుద్దినవా?"

"అల్లా దయవల్ల ఒక్కసారి గూడ లేదు సార్."

ఆయన తృప్తిగా తలూపిండు. "మైలేజీ ఎంతిస్తది?"

ఖర్చు చూసుకునే చైర్మన్ అనుకొని నేను సీరియస్‌గా చెప్పిన. "గంటకు ఆరొందల కిలోల దాకా ఆయిల్ పడతది సార్."

సాసర్ ఆగింది. "కిలోలా? ఏంది, లారీయా?"

"కాదు సార్, విమానం."

ఆయన పెద్దమ్మ దిక్కు చూసిండు. పెద్దమ్మ నా దిక్కు చూసింది. "మా అల్లుడు పంపిన ఆటో పిలగానివి కాదా నువ్వు?" అన్నడు.

అప్పుడు తెలిసింది. ఈయన చైర్మన్ కాదు. ఇల్లందు బొగ్గు బావిల ముప్పై ఐదేండ్లు పనిచేసి రిటైరైన మనిషి. కారు కిరాయిది. భద్రాచలంల చెల్లెలుంటది, జాడీ ఆమెకు. గుడి సందులల్ల పెద్ద కారు పోదని, దర్శనానికి తీసుకపోనీకి అల్లుడు ఎవరో ఆటో అతన్ని పంపుతనన్నడంట. ఆ ఆటో అతను రాకముందే నేను తయారైన!

ఫోన్ తీసి చూస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. అన్నీ చీఫ్ పైలట్ చేసినయే. మళ్ళా కాల్ వచ్చింది.

"ఎక్కడున్నారు సలీం? సార్ అదే హోటల్ వెనక గేటు దగ్గర అరగంట నుంచి కార్లో ఉన్నారు! బయల్దేరుతున్నారు!"

ఉరికిన. వంటింటి పక్క సందుల నుంచి ఉరికిన. తెల్ల కారు కదులుతుంది. చెయ్యి ఊపుకుంట అడ్డం పోయిన. అద్దం దిగింది. అసలు రావు గారు నన్ను కాదు, నా చంక దిక్కు చూస్తుండు. నేను గూడ చూసుకున్న. జాడీ! దాన్ని పట్టుకొనే వచ్చిన. నూనె కారి ఇస్త్రీ చొక్కా పక్కంతా ఎర్రగైంది.

"ఏంటది?"

"ఆవకాయ సార్."

"నాకా?"

అవునంటే అయిపోయేది. కానీ పెద్దమ్మ మొహం యాదికొచ్చింది. "కాదు సార్. ఇది వేరే రావు గారిది."

ఆయన ఎర్రగైన నా చొక్కా దిక్కు చూసిండు. "ముందు వాళ్ళది వాళ్ళకిచ్చేయండి," అన్నడు. అద్దం ఎక్కింది, కారు పోయింది.

కాళ్ళీడ్చుకుంట వెనక్కొచ్చి జాడీ ఇచ్చిన. నా చొక్కా చూసి పెద్దమ్మ బెదిరిపోయింది. కొంగు తడిపి తుడుచుకుంట అడిగింది. "నాయనా, నువ్వు నిజంగ విమానం నడుపుతవా? అయితే మా ఆయనకు జర చెప్పు. వైజాగ్ల మా బిడ్డకు నెలలు నిండినయ్. రైల్ల అంతసేపు కూసుంటే ఈయనకు నడుం పట్టేస్తది. బిడ్డ విమానం టికెట్ తీస్తనంటే ఎక్కనంటుండు. నన్నొక్కదాన్ని పంపడు, ఆయన రాడు."

"బావిల దిగినప్పుడు భయం కాలేదా పెద్దాయనా?" అన్న.

"బావిల భయమెందుకు? నెత్తి మీద కప్పుంటది, కాళ్ళ కింద నేలుంటది. మీ దాంట్ల కాళ్ళ కింద ఏముంటది?"

"గాలి."

"గదే!"

పదకొండేండ్లల్ల నన్ను ఎవరూ గింత సూటిగ అడగలే. ఇంటర్వ్యూ ఎట్లాగూ పోయింది, ఇంకేం పనుంది నాకు? వాళ్ళ కిరాయి కార్లనే చెల్లెలింటికి బయల్దేరినం. గోదావరి కట్ట దిక్కు రోడ్డు ఖాళీగ ఉంది. డ్రైవర్‌ను జర జోరుగ పోనియ్యమని, పెద్దాయనను కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టమన్న. "అరచేయి ముందు దిక్కు జరంత పైకి లేపుండ్రి." లేపిండు. చెయ్యి గాలికి దానంతట అదే పైకి పోయింది.

"లేస్తున్నదే!" అని అరిచిండు. "నేను లేపుతలేను, అదే లేస్తున్నది!"

"గట్లనే మా రెక్కలు గూడ. గాలి మోస్తది. నేలంత గట్టిగ మోస్తది."

పెద్దమ్మ గూడ అటు కిటికీల నుంచి చెయ్యి పెట్టింది. ఇద్దరూ రెక్కలు చాపిన పక్షుల లెక్క ఉన్నరు. నడుమ నేను, ఒళ్ళ జాడీ. నిజం చెప్తున్న, పొద్దటి నుంచి ఉన్న సిగ్గంతా అక్కడ పోయింది.

దిగేటప్పుడు పెద్దాయన, "నువ్వు నడిపితేనే ఎక్కుత" అన్నడు. వచ్చే గురువారం పొద్దుగాల హైదరాబాద్ నుంచి వైజాగ్ ఫ్లైట్ నాదేనని చెప్పిన.

మర్నాడు చీఫ్ పైలట్ ఫోన్. తిడతడనుకున్న. "సార్ దారంతా నవ్వారట. అబద్ధం చెప్పలేదని మీరు నచ్చారట. ఆఫర్ ఉంది, వారంలో చెప్పండి."

నస్రీన్‌ను అడిగిన. చాన్సేపు ఆలోచించింది. "అండ్ల సార్ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలె గదా? ఇప్పుడు రోస్టర్ అని ఒకటున్నది. నువ్వు ఏ రోజు రావో ముందే తెలుస్తది. దూరముంటవు గానీ మోసం చెయ్యవు. ఇగ నీ ఇష్టం." నేను ఎటూ తేల్చుకోలేకనే డ్యూటీకి పోయిన.

గురువారం ఇద్దరూ వచ్చిన్రు. ఆయన మెట్ల దగ్గర నా చెయ్యి గట్టిగ పట్టుకొని, "నేల లెక్క మోస్తది గదా?" అన్నడు. "మోస్తది" అన్న. ఆ రోజు నేను ఎంత పైలంగ నడిపిన్నో అల్లాకే ఎరుక. మబ్బులు తప్పించుకుంట, ఊగకుంట, గుడ్లగంప మోసినట్టు తీసుకపోయిన. వైజాగ్ల చక్రాలు నేలకు తగిలినయ్యో లేదో నాకే తెల్వలే. కో-పైలట్ సెల్యూట్ కొట్టిండు. ఇగ పెద్దాయన మెచ్చుకుంటడని కాక్‌పిట్ తలుపు తీసుకొని నిలబడ్డ.

జనమంతా దిగిన్రు. చివరికి పెద్దమ్మ వచ్చింది, కండ్ల నీళ్ళు పెట్టుకొని నా తలమీద చెయ్యి పెట్టింది. "సల్లగుండు నాయనా. బిడ్డ దగ్గరికి తెచ్చినవ్." ఆమె వెనక పెద్దాయన కండ్లు నలుపుకుంట వచ్చిండు. సీట్ల కూసున్న రెండు నిమిషాలకే నిద్రపోయిండంట! నన్ను చూసి ఫికరుగా అడిగిండు.

"ఏందయ్యా, అందరూ దిగుతున్నరు? ఇంకా ఎంతసేపు లేవనీకి?"

అక్కడ్నే, విమానం నీడల నిలబడి చీఫ్ పైలట్‌కు ఫోన్ చేసిన. "థాంక్స్ సార్, నేను ఇక్కడనే ఉంట" అన్న. ఎందుకని అడిగిండు.

"ఇక్కడ నేను విమానం లేపి, వైజాగ్ తెచ్చి దించినా తెల్వని ప్యాసింజర్లున్నరు సార్," అన్న. "పదకొండేండ్లల్ల నాకొచ్చిన పెద్ద మెడల్ ఇదే."