బియ్యం లేని వంట

కోరుట్లలో పెళ్లిళ్లకు బిర్యానీ వండే అజీజాబీ కూతురు నిషాత్‌. ఫిజిక్స్ లెక్చరర్ కావాలని ఆ పిల్ల పట్టుదల. ఒక్క సబ్జెక్టు తప్పినా చదువు మాని తనతో పొయ్యి దగ్గర నిలబడాల్సిందేనని తల్లి ముందే ఖరాఖండిగా చెప్పింది. తీరా డిగ్రీలో చేరితే ఏమైంది? ఏడాది పొడవునా ల్యాబ్‌కు తాళమే. పరీక్షల వారంలో తలుపు తీస్తే పావురాల రెట్ట కంపు గుప్పుమంది. పిల్లలంతా ముక్కులు మూసుకుని, సీనియర్ల రికార్డుల్లోని అంకెలనే అటూ ఇటూ మార్చి రాసుకున్నారు. ఆ దిక్కుమాలిన విద్యకు అక్కడి పేరు ‘వండుడు’.

“రీడింగులు వండినవా?” అని పాఠం చెప్పే దేవేందర్ సారే అడిగాడు.

“మా అమ్మీ వండితే కనీసం బియ్యమన్న ఉంటయి సార్,” అంది నిషాత్.

సారు నవ్వేశాడు. సిగ్గుంటే కదా!

పరీక్షలో ఆమెకు లోలకం వచ్చింది. దారానికి ఇనుప గుండు కట్టి ఊపి, ఊగే సమయాన్ని బట్టి భూమి ఆకర్షణను లెక్కగట్టాలి. పుస్తకంలో 980 అని ఉంటుంది. దారం ఉంది, గుండు లేదు.

“నేనచ్చినప్పటి సంది గుండు లేదు బిడ్డా,” అన్నాడు అటెండర్ సాయిలు.

మరి అందరికీ 980 ఎలా వచ్చినట్టు? అంతా శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. నిషాత్ ల్యాబ్ తాళాన్నే అడిగి తీసుకుని దారానికి కట్టింది. చేతులు తుప్పు కంపు కొట్టినా ఊపింది, కొలిచింది. 962 వచ్చింది. ఏడాదిలో తనదంటూ ఒక్క అంకె దొరికిందని మురిసిపోయింది.

జగిత్యాల నుంచి వచ్చిన ఎగ్జామినర్, కాలేజీ వాళ్లు పెట్టిన చికెన్‌ను పళ్ల సందుల్లోంచి పుల్లతో లాగుతూ కాగితం చూశాడు.

“అందరికి 980 అచ్చింది. నీకొక్కదానికే గిదేంది?”

“నేను నిజంగ చేసిన సార్. గుండు లేకుంటే తాళం కట్టిన.”

“గుండుతోని నీకేం పని? 980 రాయి. లేకుంటే ఫెయిలే.”

నిషాత్‌కు ఆ పుల్ల, అప్పటి సారు నవ్వు, ఆ గది, అన్నీ రోత పుట్టించాయి. అయినా 962 కొట్టేసి 980 వేసింది. రాసిన తన వేళ్లను చూస్తే ఇంకా రోత పుట్టింది.

ఆయన మార్కులు వేసి, ప్రేమగా తలూపాడు.

“శభాష్! ఇగ నువ్వు సెకండియర్‌కు ఎక్కినట్టే బిడ్డా.”