ఓదెలు చేతికర్ర

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఓదెలు ఎక్కడ కూర్చోబోయినా ముందు నెత్తి మీద ఏముందో చూస్తాడు. బాయిలో నేర్చిన అలవాటది. చేతికర్రతో పైకప్పును కొట్టి, తల పక్కకు వంచి, చప్పుడు వింటాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే ఊడిపడేది. గోదావరిఖని నుంచి దోస్తులంతా జంటలుగా విశాఖ సముద్రం చూడటానికి బయల్దేరితే, రైల్లో పైబెర్తునూ, హోటల్ గది కప్పునూ కూడా కొట్టి చూశాడు. అందరూ కడుపుబ్బ నవ్వారు. అతని భార్య శాంతవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది.

మర్నాడు ఒడ్డున, చూరులా ముందుకొచ్చిన పెద్ద బండ నీడలో అందరూ సర్వపిండి పంచుకుంటుంటే ఓదెలు కర్ర ఎత్తి కొట్టాడు. కొంచెం జరిగి మళ్లీ కొట్టాడు. మూడోసారి ఎత్తిన కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"ఏంది ఓదెలన్నా, గిది గూడ బాయేనా?" అన్నాడు ఏలియా. దోస్తులు పగలబడి నవ్వారు.

ఓదెలు నుదుటి మీద రాలిన మట్టిని వేలితో తీసి చూసుకున్నాడు.

ఈసారి శాంతవ్వ నవ్వలేదు. భర్త మొహం చూసి, చేతిలో ముక్క వదిలేసి, ఏలియా భార్య రెక్క పట్టి లేపింది.

"లే చెల్లె. చెప్పులు గాడనే ఉండనియ్యి."