వెతక్కుండా కనబడేది

ఆదివారాలు కుట్టుమిషను పక్కకి జరిపి, టైలరు పాచికలాట నడిపేవాడు. అతను చెప్పే కథలో ఆడేవాళ్ళకి తలా ఒక పాత్ర; ప్రతి పాత్రకీ బలానికో అంకె, చూపుకో అంకె అతనే ఇచ్చేవాడు. పాత్ర దేన్నైనా వెతికితే, దొరికిందో లేదో తేలడానికి పాచిక వేయాలి.

"నేను వెతకనేలేదుగా బావా, నా పాత్రకి దొంగ ఎలా కనబడ్డాడు?" అన్నాడు బావమరిది.

"నీ పాత్రకి చూపు అంకె పెద్దది రా. అలాంటివాడికి పాచిక అక్కర్లేదు, ఊరికే కూర్చున్నా కనబడుతుంది."

ఆ నెలలోనే ఆసుపత్రిలో డాక్టరమ్మ టైలరు భార్యని చూసి, ఇక చేసేదేం లేదంది. "ఇంతలా చిక్కిపోతుంటే ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"లోపలి జబ్బు, పైకెలా తెలుస్తుందండీ" అని బావమరిది బావని వెనకేసుకొచ్చాడు.

పాత్రలన్నిటికీ చూపు పంచిన పెద్దమనిషి భార్య జాకెట్టు కుట్టు వంక చూశాడు. వదులైన ఆమె జాకెట్లన్నీ నడుము దగ్గర బిగించి కుట్టింది తనే. రెండోసారి బిగిస్తూ, నాజూగ్గా తయారయ్యావని మురిసిపోయాడు కూడా.